మంచి చెప్పబోయిన సాక్షి

ఆసుపత్రి లాండ్రీలో అందరికీ ఆవిడ పెద్దక్క. పెళ్లైన ఏడాది నుంచీ అక్కడే, దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలరు దగ్గరే పని. దుప్పటికి ఒక అంచు ఆవిడ పట్టుకుంటే, రెండో అంచు పట్టుకునేది పిచ్చుక. సన్నగా, చురుగ్గా ఉంటుందని ఆ అమ్మాయికి ఆ పేరు పెట్టారు. తన మతం ప్రకారం పిచ్చుక ఎప్పుడూ తలకు గుడ్డ కట్టుకునేది.

కొత్తగా వచ్చిన మేనేజరు యంత్రాల దగ్గర తలగుడ్డలు కుదరవన్నాడు. "చివర్లు లోపలికి దోపుకుంటాను సార్" అని ఎంత బతిమాలినా వినకుండా పనిలోంచి తీసేశాడు. పిచ్చుక కోర్టుకెక్కింది. తన మతాన్ని పాటించే హక్కు రాజ్యాంగమే ఇచ్చిందని ఆమె లాయరు వాదించాడు. ఆ హక్కు మతంలో తప్పనిసరి ఆచారాలకే గానీ, ఇలాంటి అలవాట్లకు కాదని అవతలి లాయరు ఎదురు వాదించాడు.

పెద్దక్కను సాక్షిగా రమ్మన్నది పిచ్చుకే. "నా గురించి నీకు తెలిసింది చెప్పక్కా, చాలు" అంది.

బోనెక్కిన పెద్దక్కను అవతలి లాయరు మెత్తగా అడిగాడు. "ఆమె తలగుడ్డ తీయడం మీరెప్పుడైనా చూశారా?"

పెద్దక్క ముఖం విప్పారింది. "ఒక్కసారి చూశానండి. ఆవిరి గొట్టం పగిలి నా చెయ్యి కాలింది. అందరూ కొయ్యబారిపోతే, ఈ పిల్ల తలగుడ్డ లాగేసి చన్నీళ్లలో ముంచి నా చేతికి చుట్టింది. అంతమంది మగవాళ్ల ముందు. అలాంటి మనిషండీ."

"చాలమ్మా" అని లాయరు కూర్చున్నాడు.

అవసరమొస్తే పక్కన పెట్టగలిగింది తప్పనిసరి ఆచారం ఎలా అవుతుందని జడ్జి తీర్పులో రాశారు. కేసు పోయింది.

ఆ రోజు నుంచి పెద్దక్కకు ముద్ద దిగలేదు. "జరిగిందే చెప్పావు కదా, ఎందుకలా కుమిలిపోతావు?" అన్నాడు భర్త.

"చూళ్లేదండీ అంటే ఎవరు కాదనేవాళ్లు? నా చెయ్యి కాపాడిన పిల్ల పొట్ట కొట్టాను."

పిచ్చుక ఉండే వీధి తప్పించి చుట్టూ తిరిగి ఇంటికి వెళ్లేది. ఉండబట్టలేక చివరికి పిచ్చుక లాయరు దగ్గరికెళ్లి, "మళ్లీ బోనెక్కించండి, ఈసారి సరిగ్గా చెప్తాను" అని వేడుకుంది. పై కోర్టులో వేసిన అప్పీల్లో సాక్షుల్ని మామూలుగా మళ్లీ పిలవరనీ, చెప్పిన మాటలే చదువుతారనీ ఆయన అన్నాడు.

రెండేళ్లకు పై కోర్టు ఆ మాటలనే ఇంకోలా చదివింది. ఆపదలో ఉన్న మనిషి కోసం నియమం ఒకసారి సడలిస్తే విశ్వాసం చిన్నదైపోదు, యంత్రాల దగ్గర ప్రమాదం రాకుండా వేరే దారి ఉందా అన్నదే చూడాలి అంది. చివర్లు దోపుకుంటే సరిపోతుందని తేల్చి, ఉద్యోగం తిరిగి ఇమ్మంది.

పిచ్చుక మళ్లీ వచ్చి దుప్పటి అంచు పట్టుకుంది.

"నా నోరే నీ కొంప ముంచిందే" అంది పెద్దక్క.

"నీ మాటలతోనే గెలిచాంలే అక్కా."

"మీ చెల్లి మళ్లీ కాలేజీకి వెళ్తోందా?" కేసు పోయాక ఇల్లు గడవక ఆ పిల్ల చదువు మానేసి బట్టల కొట్లో చేరిందని పెద్దక్క విని ఉంది.

పిచ్చుక దుప్పటి ముడత సరిచేసింది. "లేదక్కా. ఇంక చదవనంటోంది."

పెద్దక్క తలెత్తలేదు. దుప్పటి రోలరు కిందికి వెళ్లిపోయింది.