మా మామ రైలుబండికి నేను వేసిన రంగు

ఆ రోజుల్లో డిగ్రీ పాసై ఇంట్లో కూర్చున్న ఆడపిల్ల అంటే వీధి మొత్తానికి ఉమ్మడి ఆస్తి. చండ్రుగొండలో మా వీధిలో ఎవరి కొత్త సెల్‌ఫోన్‌లో పేర్లు ఎక్కించాలన్నా, ఎవరి పిల్లల రికార్డులో కప్ప బొమ్మ గీయాలన్నా, ఎవరి పెళ్ళిపందిట్లో ముగ్గు వెయ్యాలన్నా కబురు నాకే వచ్చేది. "ఆ పిల్ల ఖాళీగనే ఉన్నది గద" అనేవాళ్ళు. (ఆ 'ఖాళీ' అనే మాట నా బీయెస్సీకి మొత్తం మార్కులూ తీసేసినట్టు వినిపించేది.) అందుకే మా మామ ఒక మధ్యాహ్నం గోనెసంచి భుజాన వేసుకుని బస్సు దిగి, "కోడలా, నీకొక పని తెచ్చిన" అన్నప్పుడు నేను సంతోషపడలేదు సరికదా, ఈయన ఎవరి కప్ప బొమ్మ తెచ్చాడో అనుకున్నాను.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. కొత్తగూడెంలో గూడ్సుబండి గార్డు. బొగ్గు నింపిన వ్యాగన్లన్నీ ముందు పోతుంటే, చిట్టచివరి పెట్టెలో ఒక్కడూ కూర్చుని పచ్చజెండా ఊపడం ఆయన ఉద్యోగం. మేం పిల్లలందరం 'జెండా మామ' అనేవాళ్ళం. సంచి బోర్లిస్తే మా వసారా నిండా రైలు పరుచుకుంది. నిజం రైలు కాదు, జానెడు పొడుగు పెట్టెలు, బెత్తెడు వ్యాగన్లు, ఒక ఇంజను, కరెంటుతో నడిచేది. రైల్వే కాలనీలో ఉద్యోగుల పిల్లలు ఆడుకునే హాల్లో ఎప్పుడో ఒక పెద్ద బల్ల మీద తిరిగేదట. ఏదో విదేశం నుంచి వచ్చిన సరుకు. ఆ తర్వాత ఎవరో మహానుభావుడు దానికి గేటుకు వేసే ఆకుపచ్చ రంగు రెండు మూడు దఫాలుగా పూశాడు. కిటికీలు మూసుకుపోయి, రంగు పెచ్చులు లేచి, పెట్టెలన్నీ ఎండకు వాడిన దొండకాయల్లా ఉన్నాయి.

"హాలుకు కొత్తగ సున్నమేసిన్రు. పెద్దాఫీసరు వస్తుండు ఓపెనింగుకు. గీ బండిని తుక్కుల పడేద్దామన్నరు. నేనే అడ్డం పడ్డ. మా కోడలు బొమ్మలు మంచిగేస్తది, కొత్త బండి లెక్క చేసి పట్టుకొస్త అన్న" అన్నాడు మామ.

"అందరి ముందరనా మామా?"

"అవ్. మైకుల అన్న."

అప్పుడు అర్థమైంది నాకు పని ఎంత దూరం వచ్చిందో. "అంత అవసరమేందిరా నీకు?" అని మా అమ్మ తిట్టింది. మామ కాసేపు ఇంజనును అరచేతిలో తిప్పుతూ, "అక్కా, నా సర్వీసంత బండి యెనకాలే పోయింది. ముందర ఏముంటదో ఎన్నడు చూడలే. గీ బండొక్కటే నేను ఎదురుంగ నిలబడి చూసింది" అన్నాడు. మా అమ్మ లేచి తమ్ముడికి అన్నం పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

పని మొదలుపెట్టాలంటే ముందు ఆ గేటురంగు పోవాలి. రంగు పోవాలంటే థిన్నర్ కావాలి. ఇంత తెలిసినదాన్ని కదా అని ఒక బొగ్గు వ్యాగన్ని పళ్ళెంలో పెట్టి థిన్నర్ పోసి, గుడ్డతో రుద్దుదామని పట్టుకున్నాను. రంగుతోపాటు వ్యాగన్ కూడా వచ్చేసింది. ప్లాస్టిక్కు పొయ్యి మీది బెల్లంలా మెత్తబడి, నా వేళ్ళ గుర్తులతో సహా ఒక పక్కకు ఒరిగిపోయింది. నేను పెట్టిన కేకకు మా నాయనమ్మ పెరట్లో మిరపకాయల రాశి వదిలేసి పరుగెత్తుకొచ్చింది. "ఏమైందే? తేలు కుట్టిందా?" అని నా కాళ్ళు చూసింది. "వ్యాగన్ కరిగిపోయింది నాయనమ్మా" అంటే, కాసేపు నన్నూ వ్యాగన్నూ మార్చి మార్చి చూసి, "నీ బీయెస్సీ ఏం బీయెస్సీనే?" అని వెళ్ళిపోయింది.

ఆ పూటంతా అన్నం ముద్ద దిగలేదు నాకు. మర్నాడు లేచి చూస్తే వసారాలో పెట్టెలు లేవు. మా నాయనమ్మ పెద్ద గంగాళం నిండా వాటిని నానేసింది. దేంట్లో అనుకున్నారు? గాయాలు కడిగే మందులో. అదే, నీళ్ళలో పోస్తే పాలలా తెల్లబడుతుందే, ఆ గోధుమరంగు దవాఖానా మందు. మా నాన్న గొడ్ల పుండ్లు కడగడానికి పెద్ద డబ్బా తెచ్చి పెట్టుకుంటే, అది మొత్తం దించేసింది. "ఎవలెవలి చేతుల పడ్డయో ఏమో, మైల వాసనొస్తున్నయి. శుద్ధి చేసిన" అంది తాపీగా. నేను ఏడుపు ముఖంతో ఒక పెట్టె బయటికి తీశాను. చేత్తో తుడిస్తే ఆకుపచ్చ రంగు పాము కుబుసంలా ఊడొచ్చింది. కింద ప్లాస్టిక్కు చెక్కుచెదరలేదు. కిటికీలు, తలుపు పిడులు, చక్రాల పైన సన్నని మేకుల తలలు, అన్నీ పుట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలా బయటపడ్డాయి. నేను నాయనమ్మను ఎత్తుకుని తిప్పబోతే, "ఇడువే, నడుం పడతది" అని నవ్వింది. (ఆమె బతికున్నన్నాళ్ళూ ఈ ఘనతలో ఎవరికీ వాటా ఇవ్వలేదు. మందు డబ్బా మీద ఆ సంగతి రాసి ఉందని కూడా చెప్పేది. ఆమెకు చదువు రాదు.)

అయితే ఆ వాసన మా ఇంట్లో ఆగితే కదా. వీధి చివరిదాకా పాకింది. పక్కింటి పెద్దమ్మ బత్తాయిలు పట్టుకుని వచ్చి, "ఎవలకమ్మా ఆపరేషనూ?" అని గొంతు తగ్గించి అడిగింది. ఆమె వెనకాలే ఇంకొకావిడ, ఆవిడ వెనకాల ఊళ్ళో సూదులు వేసే డాక్టరూ వచ్చారు. మేం 'సూది డాక్టర్' అనే ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. "గింత పెద్ద గాయమైతే నన్ను పిలవకుండ మీరే కడుక్కుంటున్నరా?" అన్నాడు. నాయనమ్మ గంగాళం చూపించింది. ఆయన అందులోకి వంగి చూసి, ఏ పెట్టెకూ నాడి దొరకనట్టు ముఖం పెట్టి, టీ తాగి వెళ్ళాడు. బత్తాయిలు మాత్రం మేమే తిన్నాం.

తర్వాత రంగు. అప్పటికి నిజం రైళ్ళు నీలం రంగులోకి మారిపోయాయి. కానీ మామకు తను ఉద్యోగంలో చేరిననాటి పాత ఎర్రరంగు కావాలి. నేను ఎరుపు, నలుపు, పిసరంత పసుపు కలిపి చూపిస్తే, "గిది ఇటుక లెక్కుంది కోడలా" అన్నాడు. ఇంకోటి కలిపితే "గిది పాన్ ఉమ్మి" అన్నాడు. ఎన్ని కలిపినా "గిట్ల కాదు, గట్ల కాదు" అనడమేగానీ ఎట్లో చెప్పలేకపోయాడు పాపం. చివరికి విసిగిపోయి నేను ఆయన్ని పెరట్లోకి తీసుకెళ్ళి మిరపకాయల ముందు నిలబెట్టాను. ఆయన రాశిలో చెయ్యిపెట్టి కెలికి కెలికి, అడుగున మిగిలిన పోయినేటి కాయ ఒకటి తీశాడు. ఎరుపు తగ్గి, నలుపు తిరిగి, అయినా ఎండలో పెడితే మెరుస్తోంది. "గిదే! గిదే మా బండి!" అన్నాడు. ఆ కాయను దారంతో కిటికీకి వేలాడదీసి, దాన్ని చూస్తూ రంగు కలిపాను. ఇప్పటికీ అంత కచ్చితమైన రంగు నేను మళ్ళీ కలపలేదు.

పసుపు గీత ఇంకో కథ. టేపు అతికించి, అంచున గీత గీసి, టేపు లాగితే ఎర్రరంగు కూడా దాంతో వచ్చేది. రెండు పెట్టెలు మళ్ళీ గంగాళంలోకి వెళ్ళాక తెలివి వచ్చింది. టేపును ముందు నా చున్నీకి అతికించి, జిగురు సగం చచ్చాక పెట్టెకు అంటిస్తే గీత దారం పట్టినట్టు వచ్చేది. ఆ తర్వాత వ్యాగన్లకు మామ పొట్లం కట్టి తెచ్చిన నిజం బొగ్గుపొడి అద్దాను. అద్దడానికి మా అమ్మ పౌడరు డబ్బాలోని మెత్తటి కుచ్చు బాగా పనికొచ్చింది. దాన్ని తిరిగి డబ్బాలోనే పెట్టాను. మర్నాడు మా అమ్మ తల్లాడలో ఒక పెళ్ళికి తొందర తొందరగా తయారై, కరెంటు లేని గదిలో పౌడరు అద్దుకుని బస్సెక్కింది. తిరిగొచ్చాక నాతో ఆమె మాట్లాడిన మాటలు ఇక్కడ రాయను.

కరిగిపోయిన వ్యాగన్ని మాత్రం నేను పారేయలేకపోయాను. దాని ఒరిగిన గోడకు తుప్పురంగు పూసి, లోపల బొగ్గు నింపి, అన్నిటికంటే వెనక తగిలించాను. పెట్టెల కిటికీల్లో మనుషులు లేకపోతే అది బండి ఎలా అవుతుందని, అట్టముక్కలు కత్తిరించి బొమ్మలు వేసి అతికించాను. తలకు తువ్వాలు చుట్టుకుని నిద్రపోతున్న పెద్దాయన, ఒళ్ళో తునికాకు కట్ట పెట్టుకున్న అడవిపల్లె ఆమె, కిటికీ ఊచలకు బయట వేలాడే పాలక్యాన్లు, తలుపు దగ్గర కాలు బయటపెట్టి కూర్చున్న కాలేజీ కుర్రాళ్ళు. చివరి పెట్టెలో ఒక కిటికీలోంచి మేక తల బయటికి పెట్టి చూస్తుంది. మామ అది చూసి గతుక్కుమన్నాడు. "కోడలా, పెద్దాఫీసరు ముందర మేకనా?" అన్నాడు. "మన పాసింజర్ల మేక ఎక్కదా మామా?" అన్నాను. ఆయన ఆలోచించి, "ఎక్కుతదనుకో. గని చెప్పుకోం" అన్నాడు.

ఓపెనింగు రోజు. హాలు నిండా జనం. పెద్దాఫీసరు మెడలో దండ తీసి పక్కన పెట్టి బల్ల ముందు నిలబడ్డాడు. మామ ఇస్త్రీ చేసిన తెల్ల డ్రెస్సులో, నిజం పచ్చజెండా పట్టుకుని, బండికి ఎదురుగా నిలబడ్డాడు. స్విచ్చి వేశారు. మామ జెండా ఊపాడు. బండి కదల్లేదు. మళ్ళీ ఊపాడు. ఇంజను దగ్గర చిన్న చప్పుడు కూడా లేదు. జనంలో ఎవరో "సిగ్నల్ పడలేదేమో" అన్నారు, నవ్వులు లేచాయి. మామ నవ్వలేదు. జెండా పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

ముందురోజు రాత్రిదాకా ఇదే బల్ల మీద నడిచిన బండి! తెల్లారి నేనేం చేశాను? ఇంజను చక్రాలు బోసిగా ఉన్నాయని నల్లరంగు పూశాను. పట్టాల్లోంచి కరెంటు ఎక్కేది ఆ చక్రాల గుండానే. రంగు పొర దాటి కరెంటు ఎట్లా పోతుంది? డిగ్రీలో చదివిన ఫిజిక్సు అంతా ఆ ఒక్క క్షణంలో నెత్తిన పడింది. "సార్, ఒక్క నిమిషం!" అని అరిచి, జనాన్ని తోసుకుని వెళ్ళి, ఇంజను పైకెత్తి, జడలోని పిన్ను పీకి చక్రాల అంచులు గీకడం మొదలుపెట్టాను. జడ విడిపోయి ముఖం మీద పడుతోంది. పెద్దాఫీసరు వంగి, "ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు. "కరెంటుకు దారి ఇస్తున్న సార్" అన్నాను. అంతమంది ముందు అంత గట్టిగా అంతకుముందు నేనెప్పుడూ మాట్లాడలేదు.

ఇంజను పట్టాల మీద పెట్టి, "మామా, ఊపు" అన్నాను. బండి ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు కదిలి, ఆగి, మళ్ళీ కదిలి, బల్ల చుట్టూ పరుగందుకుంది. చప్పట్లు. మామ బండికి ఎదురుగా వంగి, అది తన వైపు వస్తుంటే చూస్తూ చూస్తూ, వచ్చిన ప్రతిసారీ జెండా ఊపాడు. ఆయనకు ఇక స్టేషను లేదు, ఆఫీసరు లేడు.

పెద్దాఫీసరు బండిని ఆపించి ఒక్కో పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. మేక దగ్గర ఆగాడు. "ఈ మేకకు టిక్కెట్టు ఉందా?" అన్నాడు. మామ అటెన్షన్‌లో నిలబడి, "బ్రేకులు పట్టినంక మేకెక్కింది సార్, మా డ్యూటీ అయిపోయినంక" అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో మామకూ తెలియదు. అందరికంటే ముందు నవ్వింది ఆఫీసరే. తర్వాత ఆ ఒరిగిన వ్యాగన్ తీసి కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, "అచ్చం ఇట్లాగే ఉంటాయి మన వ్యాగన్లు, బొగ్గు మిషన్ల దెబ్బలు తిని. ఇంత సహజంగా ఎలా చేశావు?" అన్నాడు. "అది కరిగిపోయింది సార్" అన్నాను నిజాయితీగా. ఆయన చుట్టూ ఉన్నవాళ్ళతో, "చూశారా, ఎంత అణకువో!" అన్నాడు. ఇంకోసారి చెప్పబోతే మామ నా కాలు తొక్కాడు.

జనం పలచబడ్డాక మామ డ్యూటీకి సంతకం చెయ్యడానికి నన్నూ వెంటబెట్టుకుని స్టేషనుకు వెళ్ళాడు. నేను ప్లాట్‌ఫాం మీద ఒక్కదాన్నే నిలబడ్డాను. ఎదురుగా ప్యాసింజరు ఆగి ఉంది, నిజం బండి. నాకు తెలియకుండానే దగ్గరికి వెళ్ళి, పెట్టె గోడ మీద అరచెయ్యి పెట్టి, తలుపు కింద రంగు ఎక్కడ కారిందో, ఎక్కడ దుమ్ము తుడవకుండా పూశారో చూస్తూ నడిచాను. కిటికీ దగ్గర కూర్చున్న ఒక ముసలామె, "ఏందమ్మా ఎతుకుతున్నవ్, ఏమన్న పోయిందా?" అంది.

"లేదవ్వా. రంగు సరిగ్గెయ్యలే ఈళ్ళు. కారింది చూడు."

"నీకేం పని గదంత?"

"మేం గూడ పెట్టెలకు రంగులేస్తం" అన్నాను తల పైకెత్తి.

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. విడిపోయిన జడ, గోళ్ళ సందుల్లో ఎరుపు, చున్నీ మీద టేపు జిగురు మచ్చలు. నేను వేసింది జానెడు పెట్టెలకని ఆమెకు చెప్పలేదు. నాకూ ఆ క్షణంలో ఆ తేడా గుర్తులేదు. "మంచిగేస్తున్నవ్ బిడ్డా, అట్లనే ఎయ్యి" అంది ఆమె. బండి కదిలింది. తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, మెచ్చుకోళ్ళూ వచ్చాయి, చాలావాటిని మర్యాదకు తీసుకుని మరిచిపోయాను. ఆ రోజు మాత్రం కదులుతున్న పెట్టెలను ఒక్కొక్కటిగా, పాస్ చేస్తున్న ఇన్‌స్పెక్టర్‌లా తల ఊపుతూ పంపించాను. ఎంత పొగరే పిల్లా నీకు అని ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ పొగరులో కాస్త ఇప్పుడు నాకు అప్పు ఇవ్వమని ఆ పిల్లను అడిగితే ఇస్తుందో, ఇవ్వదో.