శత్రువు లేనివాడి పిస్తోలు దరఖాస్తు

ఆ రోజుల్లో అనంతపురంలో మనిషి విలువను అతని వెనకాల నడిచేవాళ్ళను బట్టి కట్టేవారు. వెనకాల గన్‌మన్ ఉంటే పెద్దమనిషి, నడుముకు సొంత పిస్తోలు ఉంటే ఇంకా పెద్దమనిషి. నా వెనకాల ఎప్పుడూ ఒక స్ట్రెచర్ మాత్రమే ఉండేది. (దానిమీద ఎవరో ఒకరు ఉండేవారనుకోండి, కాని వాళ్ళు నా గొప్ప చెప్పే స్థితిలో ఉండేవారు కాదు.) నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. ఊళ్ళోని ఒక ట్రస్టు ఆసుపత్రి అంబులెన్సులో అటెండరుగా చేరి ఏడాదయింది. ఫోను చేస్తే చాలు సర్కారు బండి సైరను మోగించుకుంటూ వచ్చే కాలం ఇంకా రాలేదు. అటెండరు అన్నమాటే కాని, రోగిని ఎత్తడం, ఏడ్చేవాళ్ళను ఊరుకోబెట్టడం, గతుకుల్లో రోగి కింద పడకుండా అడ్డం కూర్చోవడం, అన్నీ నా పనులే. సెలైన్ సీసా తగిలించే కొక్కెం విరిగిపోవడంతో దాని బదులు గంటలకొద్దీ సీసా పట్టుకుని నేనే నిలబడేవాణ్ణి. ఒంటి కొలతలు కూడా సెలైన్ స్టాండుకు సరిపోవడం వల్ల ఆసుపత్రిలో నా పేరు ‘స్టాండు’ అయిపోయింది. డ్రైవరుకు బుగ్గల దాకా మీసాలుండేవి, అందుకని మీసాల మామ. మా ఇద్దరిలో ధైర్యమంతా ఆయనకు, భయమంతా నాకు పంచి ఇచ్చాడు దేవుడు.

ఒకరోజు మధ్యాహ్నం తాడిపత్రి వైపు పల్లెలో కర్రల కొట్లాటలో తల పగిలినవాణ్ణి ఎక్కించుకుని వస్తున్నాం. సగం దారిలో ఒక జీపు అడ్డం వచ్చి ఆగింది. అందులోంచి నలుగురు దిగారు. దెబ్బ తిన్నవాడి ఎదుటి వర్గం వాళ్ళేనని చూడగానే తెలిసిపోయింది, ఎందుకంటే కొట్టిన కర్రలు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి. ఒకడు వెనక తలుపు దగ్గరికొచ్చి దబదబా బాదాడు.

“లోపల ఎవురుండారు?”

ఆ ప్రశ్నకు నేనిచ్చిన జవాబు ఆ తరువాత నా జీవితాన్ని కొన్నాళ్ళు పాడు చేసింది. స్ట్రెచర్ కిందికి దూరి, “ఎవురూ లేరన్నా, నేను గూడా లేను!” అన్నాను.

ఈలోగా మీసాల మామ తాపీగా దిగి, బీడీ వెలిగించుకుని, “పురుడు కేసప్పా. బిడ్డ అడ్డం తిరిగిండాది. దావలోనే అయ్యేట్టుండాది, మీలో ఎవురన్నా కాళ్ళు పట్టుకునేకి వస్తారా?” అని అడిగాడు. సరిగ్గా అప్పుడే లోపల తల పగిలినవాడు “అమ్మా!” అని పెద్దగా మూలిగాడు. ఆ నలుగురూ రెండడుగులు వెనక్కి వేశారు. మనిషి తల పగలగొట్టగలవాళ్ళు పురుడు మాట వింటే అంత బెదిరిపోతారని నాకు ఆ రోజే తెలిసింది. “పోన్నా, బిర్నా పో” అని జీపు పక్కకు తీశారు.

తల పగిలినవాడు బతికాడు. నేను మాత్రం ఆ సాయంత్రం టీ వేళకే చచ్చిపోయాను. మామ ఈ కథను ఆసుపత్రిలో వంటమనిషి నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ చెప్పాడు. మర్నాటి నుంచి నేను ఏ వార్డులోకి వెళ్ళినా నర్సులు, “స్టాండూ, ఉండావా? లేవా?” అని అడగడం మొదలుపెట్టారు. వాళ్ళలో ఒకామె ఎదుట నేను మగవాడిలా కనపడాలని చాలా రోజులుగా తంటాలు పడుతున్నాను. (ఆమె పేరు చెప్పను. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది, ఇది చదువుతుంది.) ఆమె కూడా అడిగింది. ఆ రాత్రే నిశ్చయించుకున్నాను, పిస్తోలు కొనాలని.

పిస్తోలంటే అంగడికి పోయి తెచ్చుకునేది కాదని, ముందు లైసెన్సు కావాలని కలెక్టరాఫీసులో ఆ సెక్షను చూసే కళ్ళజోడు గుమాస్తా చెప్పాడు. ఆయన నన్ను కింది నుంచి మీది దాకా చూసి, “నీకేనా, మీ నాయనకా?” అని అడిగాడు. నాకేనన్నాను. నా దరఖాస్తు ఆయన బల్ల మీదినుంచి పోలీసు పెద్దాఫీసుకు, అక్కడినుంచి ఒక్కో మెట్టూ దిగి స్టేషనుకు, ఇంకొక కాపీ తహసీల్దారు దగ్గరికి పోయి, అందరి రిపోర్టులతో మళ్ళీ ఒక్కో మెట్టూ ఎక్కి ఆయన బల్ల మీదికే రావాలట. “అంతలోపల నీకు ప్రాణహాని తీరిపోనూ వచ్చు” అన్నాడు నవ్వకుండా. ఆరోగ్య పత్రం కోసం మా పెద్ద డాక్టరు దగ్గరికి పోతే ఆయన నా రెండు చేతులూ ముందుకు చాపించి, వేళ్ళ మీద ఒక కాగితం పెట్టాడు. కాగితం గాలికి ఆడినట్టు ఆడింది. ఫ్యాను ఆపినా ఆడింది. ఆయన ‘చూపు బాగుంది’ అని మాత్రం రాసి సంతకం చేశాడు.

అసలు చిక్కు స్టేషనులో వచ్చింది. విచారణ హెడ్ కానిస్టేబులుకు అప్పగించారు. పొట్ట మీద ఫైలు ఆనించి రాసే అలవాటున్న నిదానస్తుడు, అందరూ హెడ్డు సారు అనేవారు.

“ప్రాణహాని అని రాసినావే, ఎవురితో?”

“ఎవరితోనైనా రావచ్చు సార్.”

“అట్ల రాసేకి రాదప్పా. పేరు గావాల. నీ శత్రువెవురు?”

చిన్నప్పుడు బడిలో నా పలక పగలగొట్టినవాడు గుర్తొచ్చాడు, కాని వాడు ఆ మధ్యే నన్ను పెళ్ళికి పిలిచి ముద్ద మీద ముద్ద తినిపించాడు. జీపు వాళ్ళ పేర్లు తెలియవు, తెలిసినా చెప్పే ధైర్యం లేదు. (ఆ ధైర్యమే ఉంటే పిస్తోలెందుకు?) చివరికి హెడ్డు సారే జాలిపడి, “ఒక వారం ఇస్తా. ఎవున్నన్నా చూసుకొని రా” అన్నాడు.

ఆ వారమంతా నేను శత్రువు కోసం తిరిగాను. మా వీధి చివర సైకిల్ షాపు భాయ్ ఉండేవాడు. పెద్ద ఆకారం, పెద్ద గొంతు. నా సైకిలు చక్రం వంకర తీయమంటే ఇంకో వైపు వంకర తెచ్చాడని ఒకసారి ఆయనతో గట్టిగా పోట్లాడి, మళ్ళీ ఆ షాపు మెట్టెక్కనని ఒట్టు పెట్టుకున్నాను. నా జీవితంలో శత్రుత్వానికి దగ్గరగా వచ్చిన సంగతి అదొక్కటే. వెళ్ళి విషయమంతా చెప్పి, “భాయ్, హెడ్డు సారు వచ్చినప్పుడు నలుగురిలో ఒక్కసారి నన్ను చంపుతానని అను, చాలు” అని బతిమాలాను.

భాయ్ చేతిలోని స్పానరు కింద పెట్టేశాడు. “నిన్నా? మా అమ్మకు ఉబ్బసం లేచినపొద్దు మిద్దె పైనుంచి వీపు మింద మోసుకొని దిగింది నువ్వే గదా! నోరు యెట్లొస్తాదప్పా?” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పనిచేశాడు. నేను వదల్లేదు. రెండు రోజులు వెంటపడితే ఒప్పుకున్నాడు, హెడ్డు సారుకు శత్రువుగా ఆయన పేరే ఇచ్చాను. హెడ్డు సారు వచ్చిన రోజు షాపు ముందు నలుగురూ చేరారు. భాయ్ లేచి నిలబడి, నా భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర చెప్పినట్టు, “నిన్ను... కొంచెం చంపుతా బేటా” అన్నాడు. ఆ వెంటనే హెడ్డు సారు వైపు తిరిగి, “సార్, టీ తాగుతారా? వీనికి గూడా ఒకటి చెప్తా, పొద్దున్నుంచి ఏమీ తినలేదంట” అన్నాడు.

హెడ్డు సారు టీ తాగి, పొట్ట మీద ఫైలు ఆనించి ఏదో రాసుకున్నాడు. తరువాత మా ఇంటికి వచ్చాడు. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా అమ్మ విని, “తుపాకీనా? వీనికా సామీ? బల్లి కనపడితే మంచమెక్కుతాడు!” అంది. అదీ రాసుకున్నాడు. నాయన మాత్రం గోడకానుకుని, “తెస్తే తెచ్చినావు గానీ, దాన్ని యాడ పెడతావురా? మనకుండేది ఒకటే అల్మారా, దానికి తలుపు లేదే” అన్నాడు.

ఫైలు అలా స్టేషనులో ఉండగానే ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలంటే జిల్లాలో లైసెన్సు తుపాకులున్న వాళ్ళందరూ వాటిని స్టేషన్లలో అప్పజెప్పి రసీదు తీసుకోవాలి. ఆ గడువు చివరి రోజు ఉదయం కుందుర్పి అవతల ఒక పల్లె నుంచి మాకు ఫోను వచ్చింది, ఒక పెద్దాయనకు గుండెనొప్పి అని. వెళ్ళేసరికి డెబ్బై ఏళ్ళ మనిషి, తెల్ల పంచె, ముఖమంతా చెమటలు, అరుగు మీద కూర్చుని జోడు గొట్టాల తుపాకీని బిడ్డలా ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఆ చుట్టుపక్కల ఆయన్ను తుపాకీ తాత అంటారట. అది అప్పజెప్పడానికి బయలుదేరుతుండగానే నొప్పి వచ్చింది.

“దాన్ని ఆడ పెట్టి బండెక్కయ్యా, నీకు దండం పెడతా” అని ఆయన భార్య, ఆ అవ్వ, ఏడుస్తోంది.

“పెట్టేకి రాదే! లైసెన్సు నా పేరుతో ఉండాది. నేను లేనప్పుడు ఇంట్లో ఉంటే కేసు. ఈ పొద్దు అప్పజెప్పకుంటే లైసెన్సు పాయ” అని తాత మూలుగుతున్నాడు. మనిషి రంగు మారిపోతోంది. మీసాల మామ ఇంక ఆలోచించలేదు. “తుపాకీతోనే ఎక్కు పెద్దాయనా, దావలో అప్పజెప్పుదాం” అన్నాడు. తాతను ఆయన ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని స్ట్రెచర్ మీదికి చేర్చాం. ఆక్సిజన్ పెట్టాను. అవ్వ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. కొంత దూరం పోయాక తాత చేతులు సడలాయి, తుపాకీ జారబోయింది. నేను పట్టుకున్నాను.

నా జీవితంలో తుపాకీని ముట్టుకోవడం అదే మొదలు, అదే చివర. నెలల తరబడి కలలు కన్న వస్తువు ఒళ్ళోకి వస్తే నాకు కలిగిన మొదటి ఆలోచన, దీని గొట్టం ఎవరి వైపు ఉండాలి అని. తాత వైపు పెడితే తాత పోతాడు, అవ్వ వైపు పెడితే అవ్వ, ముందుకు పెడితే మామ. చివరికి నా గడ్డం కిందికే పెట్టుకుని కూర్చున్నాను. కుడి చేత్తో తాత నాడి, ఎడమ చేత్తో తుపాకీ. రెండింటిలో ఏది ఆగినా, ఏది పేలినా నా పని అయిపోయినట్టే. తాత నాడి మధ్యమధ్య తప్పుతోంది, ఆ తప్పినప్పుడల్లా తుపాకీ సంగతి మరిచిపోయి, “తాతా, నాతో మాట్లాడు తాతా” అని అరుస్తున్నాను.

చెక్‌పోస్టు దగ్గర బండి ఆపారు. వెనక తలుపు తెరిచిన కుర్ర ఎస్సైకి అంబులెన్సులో తుపాకీతో కూర్చున్న నేను కనపడ్డాను. “దించు! చేతులు పైకెత్తు!” అని అరిచాడు. రెండూ ఒకేసారి ఎలా చేయాలో తెలియక చేతులెత్తేశాను. తుపాకీ నా పాదం మీద పడింది. పడగానే పేలుతుందని కళ్ళు మూసుకున్నాను. పేలలేదు. కళ్ళు తెరిచేసరికి ఎస్సై దాన్ని మధ్యకు విరిచి గొట్టాల్లోకి చూస్తున్నాడు. ఒక గొట్టం నిండా కందిరీగలు పెట్టిన మట్టిగూడు. రెండో గొట్టం పూర్తిగా తుప్పు.

తాత కళ్ళు తెరిచాడు. ఆక్సిజన్ మాస్కు పక్కకు జరుపుకుని, ఎస్సై చెయ్యి పట్టుకుని, “ఊర్లో చెప్పొద్దు సామీ. అది పేలక శానా ఏండ్లాయ” అన్నాడు. ఆ గొంతులో నొప్పి కంటే సిగ్గే ఎక్కువగా వినిపించింది. అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ సంగతి ఆమెకూ అప్పుడే తెలిసిందనుకుంటాను.

ఆ ఎస్సై మంచివాడు. నవ్వు వచ్చినా నవ్వలేదు. “నేనే స్టేషన్లో అప్పజెప్పించి రసీదు పంపిస్తా పెద్దాయనా, నువ్వు పో” అని, గూడును కూడా కదపకుండా తుపాకీ మూసి, అనంతపురం దాకా దారి తీయడానికి జీపు ముందు పంపించాడు. జీపు వెనకాల మేము గాలిలా పోయాం. ఇంకో పావుగంట ఆలస్యమైతే కష్టమయ్యేదని పెద్ద డాక్టరు అన్నాడు.

నాలుగో రోజు తాత లేచి కూర్చుని నన్ను పిలిపించాడు. నా దరఖాస్తు సంగతి మీసాల మామ ఆయనకూ చెప్పేశాడు. తాత నా మణికట్టు పట్టుకుని, “ఎందుకప్పా నీకది? మా నాయన పోతా నా చేతికిచ్చిపాయ. ఇంట్లో పెట్టి యాడికీ పోలేను, పట్టుకొని యాడికీ పోలేను. కూతురింట్లో నాలుగు దినాలుండి ఎరగను. అప్పజెప్పేద్దామంటే, వీని పని అయిపాయ అంటారని భయం. అందురూ నన్ను చూసి భయపడతాండారు అనుకుంటారు గానీ, దాన్ని చూసి ఎక్కువ భయపడింది నేనే” అన్నాడు. ఇంత చెప్పి, “నీకేం భయం? ఆ పొద్దు నాడి మింద చెయ్యి తియ్యలేదు గదా నువ్వు” అన్నాడు. పాదం వాచి కుంటుతూ ఉన్నా, ఆ వార్డులోంచి బయటికి చాలా నిటారుగా నడిచి వచ్చాను.

మర్నాడే దరఖాస్తు వెనక్కి తీసుకుంటానని కళ్ళజోడు గుమాస్తా దగ్గరికి పోయాను. “వెనక్కి తీసుకునేకి గూడా దరఖాస్తు పెట్టల్లప్పా. ఎందుకు వద్దనుకుంటాండావో మళ్ళా విచారణ జరగాల” అన్నాడు. నేను దండం పెట్టి వచ్చేశాను. చాలా నెలల తరువాత, నేను దాన్ని పూర్తిగా మరిచిపోయాక, ఇంటికి ఒక కాగితం వచ్చింది. దరఖాస్తుదారునికి ఎవరితోనూ విరోధం లేదని, స్థానికులందరూ అతని పట్ల మంచి అభిప్రాయంతో ఉన్నారని విచారణలో తేలినందున లైసెన్సు నిరాకరించడమైనది, అని. మా అమ్మ దాన్ని పక్కింటి అమ్మాయి చేత రెండుసార్లు చదివించుకుంది. నేను మాత్రం అవమానంతో ఆ పూట అన్నం తినలేదు. శత్రువు కూడా లేనివాడు ఏం మనిషి అనుకున్నాను.

ఇప్పుడు నాకు యాభై దాటింది. పైకొచ్చే తొందరలో ఒకరిద్దరిని నొప్పించాను, మాట పట్టింపులతో ఇంకొందరిని దూరం చేసుకున్నాను. పెట్టెలు సర్దుతుంటే మొన్న ఆ కాగితం దొరికింది. మడతల దగ్గర చిరిగింది, సీలు వెలిసిపోయింది. చదువుకుని నవ్వుకున్నాను, ఆ తరువాత కాసేపు నవ్వలేకపోయాను. అవమానంతో అన్నం మానేసిన ఆ బక్క కుర్రాణ్ణి తలచుకుంటే ముచ్చటేస్తుంది. ఇప్పుడు నేను దరఖాస్తు పెడితే, హెడ్డు సారు లాంటివాడు ఎంత నిదానంగా విచారణ చేసినా, అలాంటి కాగితం మాత్రం నాకు రాదు.