పదకొండు అంగుళాల దగ్గర ఆగిన నీళ్ళు

1934 మే 17, గురువారం, ఉదయం ఆరు గంటలు. ఆకాశంలో మబ్బు లేదు. గాలి బొత్తిగా స్తంభించి, ఆ వేళకే ఉక్కపోత మొదలైంది. దివిసీమ చివర, సముద్రానికి రెండు మైళ్ళ ఇవతల, కట్టేసిన కాలవలో నిలిచి ఉన్న పడవ అడుగుకు దిగి, మంచినీళ్ళ తొట్టిలో కొలబద్ద ముంచి తీశాను. తడి పదకొండు అంగుళాల గీత దగ్గర ఆగింది. ముందురోజు ఇదే వేళకు కూడా పదకొండే.

పదహారుమంది ఒక పగలూ ఒక రాత్రీ తాగి, వండుకుని, గిన్నెలు కడుక్కున్న తరువాత తొట్టిలో నీరు ఒక్క గీత కూడా దిగకపోవడం జరిగే పని కాదు. బద్ద తుడిచి మళ్ళీ ముంచాను. పదకొండే వచ్చింది.

అప్పుడు నా వయస్సు ఇరవై రెండు. గుడివాడ కంట్రాక్టరు ఒకాయన దగ్గర గుమస్తాగా ఉండేవాణ్ణి. వేసవిలో కాలవలు కట్టేసి ఉంచే ఆ కొద్ది వారాల్లోనే తూముల మరమ్మతులు ముగించాలి. నీరు వదిలే తేదీ ముందే ఖరారై ఉంటుంది. దాన్ని ఏ కంట్రాక్టరూ జరపలేడు. ఆ ఏడు కాలవ చివరి తూము మా వంతుకు వచ్చింది. నీరుండగానే బందరు నుంచి ఒక పెద్ద పడవ తెచ్చి అక్కడ కట్టి ఉంచాం. కాలవ కట్టేశాక అది మడుగులో నిలిచిపోయి మాకు నివాసమైంది. మా అక్కగారి భర్త ఆ పనికి మేస్త్రీ. అక్క మొవ్వలో ఉండేది. పడవలో ఆయన మాటే చెల్లేది. మిగిలినవారు తాపీ పనివాళ్ళు, కూలీలు, పామిడిముక్కల నుంచి వచ్చిన ఒక ముసలి వంటాయన.

చుట్టుపక్కల ఊళ్ళలో కలరా తగిలి ఉంది. అందుచేత కాలవ మడుగులో నీళ్ళు మేము తాగకూడదనీ, మా మురుగు ఆ మడుగులో కలపకూడదనీ కట్టడి చేశారు. ఒడ్డున ఉన్న ఊళ్ళకు ఆ మడుగే దిక్కు. పడవ అడుగున, వెనుక వైపు, మంచినీళ్ళకు మూడడుగుల లోతు రేకు తొట్టి ఒకటి బిగించారు. ముందు వైపు, ఎత్తుగా దిమ్మల మీద, మురుగుకు కొయ్య పీపా ఉండేది. రెండు రోజులకొకసారి దాన్ని బాల్చీలతో తీయించి, ఒడ్డుకు దూరంగా గోతిలో పోయించేవాళ్ళం. తొట్టి మట్టం, పీపా మట్టం ఉదయం ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ చూడడం నా పని.

ఇవి కాక పడవలో మూడో నీరు ఒకటుంది. ఏ కొయ్యపడవలోనైనా పలకల సందుల నుంచి ఊటగా దిగి అడుగున చేరే నీరు అది. నడిచే పడవలో దాన్ని రోజూ తోడిపోస్తారు. మాది కదలని పడవ. తోడవలసిన మనుషులు తూము దగ్గర కావాలి. కనుక దాన్ని అలాగే వదిలేశారు. దాన్ని కొలిచే ఏర్పాటు ఏదీ లేదు.

మంచినీళ్ళు దూరపు చెరువు నుంచి బండ్ల మీద పీపాల్లో రావాలి. రాను పోను రెండు రోజులు. మాకు రాయి, సున్నం తెచ్చేవి కూడా ఆ బండ్లే గనుక, అవి నీళ్ళకు వెళితే రెండు రోజులు పని ఆగుతుంది. రోజుకు రెండంగుళాల ఖర్చు వేసుకుని, తొట్టి ఎనిమిది అంగుళాలకు దిగిననాడు బండ్లు పంపాలని నేను హద్దు పెట్టాను. బావగారు ఒప్పుకున్నారు.

మే 9, బుధవారం ఉదయం తొట్టి నిండినప్పుడు మట్టం ముప్పై నాలుగు. తరువాత రోజుకు రెండు కాదు, మూడున్నర చొప్పున దిగుతూ వచ్చింది. ఆ అదనపు ఒకటిన్నర ఎటు పోతున్నదని అడిగితే అందరి వేళ్ళూ వంటాయన వైపు చూపాయి. చాటుగా మంచినీళ్ళతో స్నానం చేస్తున్నాడన్నారు. ఆయన తన బట్టలు తెచ్చి బావగారి ముందు పడేసి, వీటిలో చెమట వాసన రాకపోతే నన్ను ఇంటికి పంపేయండన్నాడు. అయినా 15వ తేదీ సాయంత్రం తొట్టి కుళాయికి తాళం పడింది. తాళంచెవి బావగారి మొలతాడుకు చేరింది. మరునాటి నుంచి మట్టం దిగడం మానేసింది.

తాళమే దొంగతనాన్ని ఆపిందని పడవంతా నమ్మింది. తాళానికి కారణమైన వంటాయన కూడా నవ్వేశాడు. అన్నం వడ్డిస్తూ, "ఇది తొట్టి కాదండీ, అక్షయపాత్ర. తినండి, తాగండి, తరగదు," అన్నాడు.

గురువారం ఉదయం నేను పైకి వచ్చి, తాళం ఉన్నా లేకున్నా రెండంగుళాలు దిగితీరాలని బావగారితో చెప్పాను. ఆయన వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నారు. ఎండకు మగవాళ్ళంతా తాటికల్లు మీదా ముంజల మీదా పడ్డారనీ, నీళ్ళెవరు తాగుతున్నారనీ అన్నారు. అన్నం ఉడకడానికీ పప్పు ఉడకడానికీ కల్లు పోయడం లేదు కదా అన్నాను. పక్కనున్న తాపీవాళ్ళు నవ్వారు. బావగారు కూడా నవ్వి, వాళ్ళకు వినబడేలా, "మా బావమరిది మజ్జిగలో నీళ్ళు కూడా బద్ద పెట్టి కొలిచి తాగే రకం," అన్నారు. తరువాత నా వైపు తిరిగి నెమ్మదిగా అడిగారు.

"హద్దు ఎవరు పెట్టారోయ్?"

"నేనేనండి."

"ఎంత?"

"ఎనిమిది."

"పదకొండు ఎనిమిది కన్నా తక్కువా? ఎనిమిదికి దిగనీ. ఆ పూటే పంపుతాను బండ్లు."

ఆ సాయంత్రం పదకొండు. 18వ తేదీ, శుక్రవారం ఉదయం పదకొండు. మురుగు పీపా చూస్తే అందులో అయిదు అంగుళాలే ఉన్నది. బుధవారం ఉదయం ఖాళీ చేసిన పీపా అది. అంతకుముందు రెండేసి రోజులకు తొమ్మిదికి తగ్గేది కాదు. అంటే తొట్టి దిగవలసినంత దిగడం లేదు, పీపా నిండవలసినంత నిండడం లేదు. ఒకే పడవలో రెండు లెక్కలు ఒకేసారి తప్పాయి.

తొమ్మిది గంటలకు తాపీవాళ్ళలో ఒకడు గట్టు మీద కూర్చుండిపోయాడు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అవి ఏమిటో ఆ ఏడు ఎవరికీ చెప్పనక్కర లేదు. మనుషులు వాణ్ణి చాప మీద నీడకు చేరుస్తుండగా నేను మళ్ళీ అడుగుకు దిగాను. అంతవరకు ఎవరూ కొలవని నీటిలో, తొట్టి పక్కనే, పడవ పలక మీద ఆనేలా బద్ద నిలిపాను. పదకొండు అంగుళాలు.

తొట్టి అడుగు కూడా ఆ పలక మీదే ఆని ఉంది. లోపల పదకొండు, బయట పదకొండు. లోపలి మట్టం ఎక్కువగా ఉన్నన్నాళ్ళూ మంచినీరు బయటికి కారింది. అదే ఆ అదనపు ఒకటిన్నర. రెండు మట్టాలూ సమానమయ్యాక, మేము తాగినంత మేరా బయటి నీరు లోపలికి వచ్చి పూడ్చింది. బద్ద నాకు చూపిన అంకె తప్పు కాదు. అది మంచినీటి అంకె కాదు, అంతే.

బావగారిని పిలుచుకు వచ్చాను. ఆయన నమ్మలేదు. కుళాయి నీళ్ళు తేటగా ఉన్నాయి కదా అన్నారు. బుధవారం నుంచీ నీళ్ళు మడ్డిగా వస్తున్నాయని, చెరువునీళ్ళు అడుగంటాయనుకుని, బిందెలో ఇండుపగింజ అరగదీసి తేర్చి పోస్తున్నానని వంటాయన చెప్పాడు. అప్పుడు నలుగురిని పెట్టి బయటి నీటిని తోడించాను. రెండు గంటల్లో అది ఆరు అంగుళాలకు దిగింది. తాళం బావగారి మొలనే ఉంది. కుళాయి ఎవరూ తిప్పలేదు. తొట్టిలో బద్ద ముంచి, ఈసారి ఆయన చేతికే ఇచ్చాను. ఏడు. ఆయన గీతలను వేలితో తడిమి చూసుకుని, పైకి వెళ్ళి బండ్లు కట్టించారు. అప్పటికి మధ్యాహ్నం రెండు గంటలు. మంచం పట్టినవారు ముగ్గురు.

ఆ నీటిలో కలరా ఎటు నుంచి వచ్చిందో నేను చెప్పలేను. పీపా కారి మురుగు కలిసి ఉండవచ్చు. పలకల సందుల నుంచి మడుగు నీరే తెచ్చి ఉండవచ్చు. ఏది ఎంత అని కొలిచినవారు లేరు.

తొట్టి పూర్తిగా ఒంపించాం. బండ్లు తిరిగి వచ్చేవరకు కొబ్బరిబోండాలు, కాచిన నీళ్ళు. 19వ తేదీ, శనివారం తెల్లవారేసరికి బావగారు కూడా పడిపోయారు. కళ్ళు లోపలికి పోయి, గొంతు మారిపోయింది. ఎండ ఎక్కాక నన్ను దగ్గరకు రమ్మని సైగ చేశారు.

"తొట్టిలో ఇప్పుడెంతుంది?"

"ఏమీ లేదండి. ఒంపేశాం."

"నాకు దాహంగా ఉందోయ్," అన్నారు.

బోండాం నీళ్ళు చెంచాతో పోశాను. నిలవలేదు. ఆదివారం పది గంటలకు ఆయన పోయారు. మధ్యాహ్నం మూడింటికి బండ్లు వచ్చాయి. పీపాలు దించి, వాటి స్థానంలో జబ్బుపడినవారిని పడుకోబెట్టి, బందరు దారి పట్టించాం. మొవ్వలో అక్కకు చెప్పడానికి వేరే మనిషిని పంపలేదు. నేనే నడిచి వెళ్ళాను. జరిగింది తేదీల వారీగా చెప్పాను. ఆమె అంతా విని, గురువారం ఉదయం నీకు అనుమానం వచ్చింది కదా, ఆయన చేత ఆ నీళ్ళు మాన్పించలేకపోయావా అని మాత్రం అడిగింది. అనుమానం ఉన్నదనీ, అంకె లేదనీ చెప్పాను. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

తరువాత ఆ రేకు తొట్టిని బయటికి లాగి తిరగవేస్తే, అడుగు అతుకు మూడంగుళాల పొడవున విడిపోయి ఉంది. మొదట సన్నగా చీలి, ఆ చివరి రోజుల్లోనే అంత తెరుచుకుని ఉండాలి. తూము పని మరొక మేస్త్రీ పూర్తి చేశాడు. కాలవకు నీరు అనుకున్న తేదీకే వదిలారు.

బండ్ల మీద వెళ్ళినవారిలో దారిలో ఇద్దరు, బందరు చేరాక ఇద్దరు పోయారు. పడవ దగ్గరే పోయినవారు బావగారితో కలిపి ముగ్గురు. పదహారుమందిలో చనిపోయినవారు మొత్తం ఏడుగురు.