మోరీ మీద పాలరాయి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా పక్క దుకాణం మాటే. లాడ్ బజార్‌లో మాది గాజుల దుకాణం. మా పక్కనే ఒక ముస్లిం పెద్దావిడ, పిన్ని వరసన అందరం ఖాలా అనేవాళ్ళం, ఆమెదీ అదే వ్యాపారం. పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయంటే ఆమె ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. మేము ఈగలు తోలుకుంటూ కూర్చునేవాళ్ళం. నాకైతే ఆమె చేతులు చూస్తేనే ఒళ్ళు మండేది. పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని, ఏదో చెప్పి నవ్విస్తూ, ఎంత బిగుతు గాజునైనా ఇట్టే ఎక్కించేసేది. మా అమ్మ ఎక్కిస్తే పిల్లలు కేర్‌మనేవారు.

ఒక ఏడు ఖాలా తన దుకాణం ముందు మురుగు పారే మోరీ మీద రాతిబండలు పరిపించి, వాటి మీద తివాచీ వేసి, పెళ్ళివాళ్ళను కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. ఇక మా బాపుకు కంటి మీద కునుకు లేదు.

"ఆమెది బండ అయితే మనది పాలరాయి" అన్నాడు.

అన్నట్టే మా ముందు మోరీని ఈ కొస నుంచి ఆ కొస దాకా పాలరాతితో కప్పించి, సందు లేకుండా సిమెంటు పూయించాడు. ఖాలా మాత్రం అప్పుడప్పుడు తన బండలు లేపించి, లోపలి చెత్త తీయించేది. బజారులో గాజుల పెట్టెలు విప్పితే వచ్చే గడ్డిని అందరం మోరీలోకే తోసేవాళ్ళం మరి. ఆమె ముక్కు మూసుకుని అక్కడ నిలబడితే మాకు భలే సంబరంగా ఉండేది.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం కుండపోతగా కురిసింది. మోరీ పొంగి, మురుగునీళ్ళు రెండు దుకాణాల్లోకీ మోకాళ్ళ లోతు వచ్చాయి. నీళ్ళు తీశాక చూస్తే అట్టపెట్టెలన్నీ నాని ముద్దయ్యాయి. మట్టిగాజులు కడిగితే బాగుపడ్డాయి కానీ, లక్కగాజులకు అతికిన అద్దాల వెనక పూత నల్లబడిపోయింది. అవి ఎన్నాళ్ళకో మాకు దొరికిన పెద్ద పెళ్ళి బేరానివి. ఆ వారమే ఇవ్వాల్సిన గాజుల జోళ్ళన్నీ బురదపాలు. మాట తప్పితే ఇక మా గడప ఎవరూ తొక్కరని అమ్మ ఏడుపు.

"మోరీ మీద మొదలు బండ ఏసింది ఆమెనే! గామె చేయవట్టే మునిగినం!" అని బాపు నడి బజారులో లొల్లి పెట్టాడు. ఖాలా తడిసిన తివాచీ పిండుకుంటూనే ఉంది. నాకు లోలోపల హాయిగా అనిపించింది.

అప్పుడు మా నాయనమ్మ వచ్చింది.

"ఏందిరా గా లొల్లి? మోరీనే అడుగుదాం, ఆగు" అంది.

లక్కలో కలిపే గులాబీ రంగును బిందెడు నీళ్ళలో కలిపి, ఖాలా దుకాణానికి ఎగువన మోరీలో పోసి, వెనకే ఇంకో నాలుగు బిందెల నీళ్ళు పోయించింది. ఖాలా బండ లేపి చూశాం. గులాబీ నీళ్ళు కింది నుంచి సాఫీగా మా వైపు పారుతున్నాయి. మా పాలరాయి అవతలి కొసన వంగి ఎంతసేపు చూసినా చుక్క రాలేదు. కాసేపటికి ఆ నీళ్ళు వెనక్కి తన్ని, లేపిన బండ దగ్గర పైకి పొంగి, బజారంతా చూస్తుండగా మా గడప మీదికే ఎక్కాయి.

బాపు సుత్తె తెచ్చి పాలరాయిని తనే పగలగొట్టాడు. కింద గడ్డి పరుపులా మందంగా పేరుకుని ఉంది.

ఇప్పుడు ఖాలా తిడుతుంది, తిట్టాలి అనుకున్నాను. ఆమె లోపలికి వెళ్ళి పై అర నుంచి లక్కగాజుల జోళ్ళు దింపింది.

"భాయ్, గివి తడవలే. గా పెళ్ళోళ్ళకు నువ్వే ఇయ్యి. దుల్హన్ చేతులు బోసిగ ఉంటే మంచిగుంటదా?" అంది.

అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఎప్పుడూ లేనంతగా కడుపు మండింది. తన సరుకూ సగం పోయింది కదా, అందరి ముందూ మాటలు పడింది కదా, మరి ఇలా ఎలా ఇవ్వగలిగిందని.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఎవరి దుకాణం నిండినా, ఎవరు మేడ కట్టినా నాకు ఫికర్ లేదు. కానీ ఎదుటివాళ్ళు చెయ్యి చాచకముందే పెట్టేవాళ్ళను చూస్తే, నాకెందుకు రాదా గుణం అని ఇప్పటికీ కుళ్ళుకుంటాను. ఆ ఒక్క కుళ్ళు మాత్రం పోవద్దనే అనుకుంటాను.