మూడు దేశాల ఆటకు రెండు గోతాల ఊక

ఉదయగిరిలో సైకిళ్లు బాడుగకిచ్చే వరప్రసాదాన్ని ఊరంతా ఐసు ప్రసాదం అనేది. ఆ పేరు పెట్టింది బయటోళ్లు కాదు, సొంత అత్త రెబెకమ్మ.

యుద్ధం అయిపోయి మిలిటరీ నుంచి వచ్చినకాడి నుంచీ ఆయన నోట ఒకటే మాట. హిమాలయాల దిక్కున ఒక కొండూళ్లో చలికాలం నీళ్లు గడ్డకట్టి బండైపోతాయంట. బూట్ల కింద కత్తులు బిగించుకోని మనుషులు దాని మీద జారతా హాకీ ఆడతారంట. గోలు కాడ నిలబడి రబ్బరు బిళ్లను ఆపేది ఈయనేనంట.

"పీర్ల పండక్కి నిప్పుల్లో నడిచేవోళ్లను చూసినా," అనేది రెబెకమ్మ. "కత్తులేసుకోని నీళ్ల మీద జారేవోళ్లు యాడుండారయ్యా? ఈ కోతలోడికిచ్చి నా బిడ్డ గొంతు కోసినా గదా!"

ఆమెను అనేదానికి కూడా లేదు. ఉదయగిరి ఎండ అట్టాంటిది. మే నెల్లో కోట గోడకు రొట్టె అంటిస్తే రెండు పక్కలా కాలి కిందపడతాది. ఐసు అనేది కంటితో చూడాలంటే ఆత్మకూరు బస్టాండు కాడ మల్లికార్జునం సెట్టి సోడాల అంగడికి పోవాల్సిందే. నెల్లూర్లో దూడంత గడ్డను ఊకలో పొర్లించి, గోతంలో కుట్టి బస్సెక్కిస్తే, ఆత్మకూర్లో దిగేటప్పటికి కోడిపిల్లంత మిగిలేది. అట్టాంటి ఐసు మీద మనుషులు పరిగెత్తతారంటే నమ్మేదెవురు?

ఆనందమ్మ ఒక్కతే మొగుణ్ణి ఏమీ అనేది కాదు. నమ్మినానని కూడా అనేది కాదు. ప్రసాదానికి బతుకులో ఒకటే ఆశ. అత్త నోటితో ఒక్కసారి "నిజమే నాయనా" అనిపించుకోవాల.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన యేడు, డిసెంబరు నెల్లో తంతి వచ్చింది. మిలిటరీలో ప్రసాదానికి పైన ఉన్న మేజరు కొట్టిన తంతి అది. పోస్టుమేను కొండలయ్య దాన్ని బజారు నడిమధ్యన నిలబడి ఆ కొసకీ ఈ కొసకీ వినపడేట్టు చదివినాడు. కొండూళ్లో మూడు దేశాల ఐసు హాకీ పోటీ పెట్టినారు, గోలు కాసేవాడికి కాలిరిగింది, ప్రసాదం వెంటనే బయల్దేరాల.

బజారు బజారంతా నోరు తెరుచుకోని నిలబడిపోయింది. మంగలాయన సగం గీసిన గడ్డం వదిలేసి వచ్చేసినాడు.

"మూడు దేశాలే! మరి గొప్పోళ్లంతా వస్తారా?" అన్నాడు కొండలయ్య.

"లేదబ్బా. గొప్ప దేశాల పోటీ వేరే ఉండాది, మమ్మల్ని దాని గేటు కాడికి కూడా రానియ్యరు. ఇది అడుగున ఉండే జట్లకు పెట్టింది," అని ఉన్నదున్నట్టు చెప్పినాడు ప్రసాదం. అడుగైతేనేమి, దేశం దేశమే గదా అని జనం ఆ మాటే పట్టించుకోలా.

రెబెకమ్మ మాత్రం రోలు కాడ రోకలి దించకుండానే అన్నది, "పోనీ, ఆడి రానీ. అప్పుడు చూస్తాం."

చర్చిలో ప్రార్థన చేసి సాగనంపినారు. ఆత్మకూర్లో బస్సు మారేదానికి దిగితే మల్లికార్జునం సెట్టి సోడా కొట్టిచ్చి, మెల్లిగా అడిగినాడు.

"ప్రసాదం, అంత ఐసు ఎండలో పెడతారు గదా, కరిగిపోదా?"

"మధ్యాన్నం ఎండ గట్టిగా కాస్తే పైన చెమ్మ పడతాది సెట్టి గారా. రాత్రికి మళ్లీ గట్టిపడతాది."

"మరి ఊక?"

"ఊకా గీకా ఏమీ యెయ్యరు."

సెట్టి గుండెలు బాదుకున్నాడు. "అంత ఐసుకు ఊకే యెయ్యరా! ఎంత తెలివితక్కువోళ్లయ్యా! పిడికెడు ఐసుకు నేను గంపెడు ఊక యేస్తానే!" అని రైసు మిల్లుకు పరిగెత్తి, గలగలలాడే ఎండు ఊక రెండు గోతాలు తెచ్చి బస్సు టాపు మీద కట్టించినాడు. "మధ్యాన్నం పరుచు, ఆటప్పుడు ఊడ్చెయ్. ఆత్మకూరు పేరు నిలబెట్టు నాయనా!"

మన దిక్కున ఒక పట్టింపు ఉండాది. సాగనంపేటప్పుడు చేతిలో పెట్టిన దాన్ని దోవలో పారేస్తే పోయే పని చెడతాదంటారు. ప్రసాదం పారెయ్యలా. మద్రాసు స్టేషన్లో పోలీసోళ్లు దొంగబియ్యం అనుకోని గోతం మూతి విప్పి, లోపల ఊక చూసి, వాళ్లల్లో వాళ్లు చెవులు కొరుక్కోని, పాపమని ప్రసాదానికి టీ ఇప్పించినారు.

కొండూరు చేరినాడు. ఐసు మైదానం అద్దం మాదిరి ఉండాది. పాత బూట్లు తొడిగి నిలబడితే, కాళ్లు ఏదీ మర్చిపోలా. మేజరు వీపు తట్టినాడు. తెల్లారితే ఆట.

ఆ మధ్యాన్నం సూర్యుడు కక్షగట్టినట్టు కాసినాడు. ఐసు పైన నీళ్లు తళతళమన్నాయి. మేజరు ఆకాశం దిక్కు చూసి తల పట్టుకోని అన్నానికి పోయినాడు. మైదానంలో ప్రసాదం ఒక్కడే మిగిలినాడు, పక్కన రెండు గోతాలు. సెట్టి మాట చెవిలో మోగింది. ఈ గోలు నుంచి ఆ గోలు దాకా, కళ్లంలో వడ్లు ఆరబోసినట్టు, ఊక అంతా పరిచేసినాడు.

సెట్టి ఊక వేసేది గడ్డకు. ఈడ పైన నీళ్లు నిలిచి ఉండాయి. సాయంత్రం ఊడుస్తామని చీపురు పట్టుకోని పోతే సగం ఊక లోపలికి దిగిపోయి ఉండాది. చలి దిగింది, ఉన్నది ఉన్నట్టే బిగుసుకుపోయింది. తెల్లారి చూస్తే మైదానం మైదానమంతా నువ్వులద్దిన అరిసె!

మూడు దేశాలోళ్లు వచ్చి చూసి కొయ్యబారినారు. ఒక పరదేశపోడు ధైర్యం చేసి జారితే, నాలుగడుగులు హంస మాదిరి పోయి, కత్తి ఊకలో ఇరుక్కోని, ముక్కు ఐసుకు కొట్టుకోని లేచినాడు. ఆ ముక్కు ఉదయగిరి మిరపకాయకన్నా ఎర్రగా అయిపోయింది. ఐసంతా చెక్కి మళ్లీ నీళ్లు కట్టాలంటే అన్ని రోజులు ఎవురుంటారు? పోటీ రద్దు అన్నారు.

మేజరు ఒంగి ఒక ఊకపొట్టు గోటితో పీకి చూసినాడు.

"ఏంది ప్రసాదం ఇది?"

"ఊక సార్."

"యాడిది?"

"ఆత్మకూరుది సార్."

తిట్టుంటే బాగుండేది. మేజరు ఆ పొట్టును ప్రసాదం అరచేతిలో పెట్టి పోయినాడు.

ఆట రద్దు, వస్తా ఉండానని ఇంటికి తంతి కొట్టి రైలెక్కినాడు ప్రసాదం. దోవ పొడుగునా ఒకటే ఆలోచన. ఎండకు కరిగిపోయిందని చెప్పేస్తే సరి. ఎవురు పోయి చూడొచ్చినారు?

ఆత్మకూర్లో దిగేటప్పటికి, ఆ తంతి కబురు విన్న సెట్టి అంగడి మూసుకోని గడప మీద కూర్చోని ఉండాడు. కళ్లు ఉబ్బిపోయి ఉండాయి.

"నా ఊక పనిచెయ్యలేదా ప్రసాదం? ఐసు కరిగిపోయిందా? ఇంకో రెండు గోతాలు ఇయ్యాల్సింది. నావల్లే పోయింది."

రైల్లో తయారుచేసుకున్న మాటను ప్రసాదం పక్కనబెట్టినాడు. కరిగిందంటే ఈ మనిషి బతికినన్నాళ్లూ ఇట్టనే ఏడస్తా ఉంటాడు. ప్రసాదం గడప మీద పక్కనే కూర్చోని జరిగింది జరిగినట్టు చెప్పినాడు. నువ్వులద్దిన అరిసె, పరదేశపోడి ముక్కు, అన్నీ.

బస్టాండులో జనం మూగినారు. ఉదయగిరి బస్సు డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యడం మర్చిపోయినాడు.

చివరికి సెట్టి అడిగినాడు, "అయితే కరగలేదు గదా?"

"ఒక్క బొట్టు కూడా కరగలా సెట్టి గారా."

సెట్టి లేచి అంగడి తలుపు తీసినాడు.

కబురు బస్సు కన్నా ముందే ఉదయగిరి చేరింది. ప్రసాదం ఇంటి ముందర సందు పట్టనంత జనం. కొందరు నవ్వతా ఉండారు. "ఆడనే లేదు చూడు, అంతా బొంకే!" అన్నారు ఎవురో. ప్రసాదం తలొంచుకోని నిలబడినాడు. రెబెకమ్మ రోకలి పక్కనబెట్టి లేచింది.

"నోర్ముయ్యండ్రా!" అన్నది. "కోతలోడైతే గెలిచినానంటాడు. కప్పు రైల్లో ఎవురో ఎత్తుకుపోయినారంటాడు. మూడు దేశాల ఆట నా చేత్తో నేనే చెడగొట్టినానని యే కోతలోడన్నా చెప్పతాడా?"

ఆమె కూతురి దిక్కు తిరిగింది. "గుడ్లప్పగించి చూస్తావేందే ఆనందా? కాళ్లకు నీళ్లియ్. అంత దూరం పోయొచ్చినాడు మనిషి."

ప్రసాదం గడప మీద కూలబడినాడు. రెబెకమ్మ వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చోని, ఆయన కాళ్ల దిక్కు చూసింది.

"నిజమే నాయనా," అన్నది. "దాని మీద నిలబడితే కాలికి ఎట్టుంటాది?"

ఏళ్ల తరబడి అడక్కముందే చెప్పినోడు, ఇప్పుడు అడిగితే నోట మాట రాక అత్త మొహం చూస్తా కూర్చున్నాడు.