నలభై దాటని ఫియట్
పాత కారు ఇంజను విప్పి కొత్తగా బిగించిన ప్రతిసారీ మెకానిక్ మునిశేఖర్ పొడవాటి స్క్రూడ్రైవరు దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటాడు. తర్వాత ఓనరుకు ఒకటే మాట చెబుతాడు: "వెయ్యి కిలోమీటర్ల దాకా నలభై దాటొద్దప్పా." అందరూ తలూపుతారు. బైపాస్ ఎక్కగానే ఎనభైలో తొక్కుతారు. ఇంజను వేడికి పట్టేసి బండి ఆగిపోయాక ట్రాక్టరుతో లాక్కొచ్చి, నీ పనే సరిగా లేదంటారు. విసిగిపోయిన మునిశేఖర్ ఇప్పుడు ఓనర్లను అదే కారులో కాణిపాకం తీసుకెళ్లి, వినాయకుడి ముందు సత్యం చేయిస్తున్నాడు. అక్కడ చేసిన ప్రమాణం తప్పే ధైర్యం ఈ జిల్లాలో ఎవరికుంది?

మొన్న, బడిలో పాఠాలు చెప్పి రిటైరైన అయ్యవారు దేవరాజులు తన పాత ఫియట్ కోసం ప్రమాణం చేసి, చిత్తూరు దారి పట్టారో లేదో, పక్క సీట్లో ఉన్న మునిశేఖర్‌కు ఫోనొచ్చింది. అతని కూతురికి నొప్పులు మొదలై చిత్తూరు ఆస్పత్రిలో చేర్చారట. "తొక్కండి అయివారూ, తొక్కండి!" అని డాష్‌బోర్డు మీద గుద్దాడు. ముల్లు నలభై దగ్గరే నిలిచింది. పన్నెండు మందిని ఎక్కించుకున్న షేర్ ఆటో ఒకటి హారన్ కొట్టి దాటిపోయింది.

"నేనే సెప్తా ఉండాను గదా, ఏం కాదు!"

"దేవుడి ముందర సత్యం చేయించింది నువ్వే గదప్పా," అన్నారు అయ్యవారు, స్టీరింగు రెండు చేతులా పట్టుకుని.

మునిశేఖర్ పళ్లు నూరాడు. ఇంజను మాత్రం ఒక్క శబ్దం తేడా లేకుండా నడుస్తోంది. అది వింటుంటే అతనికి ఒళ్లు ఇంకా మండింది.