ముగ్గురు పరుగువీరులు, ముగ్గురూ అనర్హులే

ఆ రోజుల్లో నాకు బాగా వచ్చిన పని భయపడటం ఒక్కటే. ఇప్పుడంటే మీటింగులో ఎవరైనా గొంతు పెంచితే నేనూ పెంచుతాను గానీ, మస్కట్ వచ్చిన కొత్తలో ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా అది నా తప్పేననుకునేదాన్ని. సివిల్ ఇంజనీరింగ్ పాసయ్యి రెండేళ్ళు హైదరాబాదులో ఎక్కని గడప, దిగని గడప లేదు. ఎక్కడికెళ్ళినా ఒకటే ప్రశ్న, అనుభవం ఎంత అని. ఉద్యోగమే ఇవ్వకపోతే అనుభవం ఆకాశంలోంచి ఊడిపడుతుందా అని అడగాలనిపించేది (అడగలేదు, భయమని ముందే చెప్పాను కదా). చివరికి ఇక్కడ ఒక పెద్దింట్లో వంట చేసే మా చిన్నమ్మ వాళ్ళ మేడమ్‌ను బతిమాలి, ఆవిడ చేత చెప్పించి, ఒక కాంట్రాక్టు కంపెనీ కొనుగోళ్ళ సెక్షన్లో నన్ను దూర్చింది. మూడు నెలల ప్రొబేషన్. పనికొస్తే ఉంచుతారు, లేకపోతే విమానం ఎక్కిస్తారు. తిరిగి వెళ్ళి మా నాన్న ముందు సూట్‌కేసు దించడమనే దృశ్యం తలచుకుంటేనే నాకు అన్నం సహించేది కాదు.

మా సెక్షన్లో పని ఏమిటంటే, సిమెంటో పైపులో కావాలంటే ముగ్గురు సప్లయర్ల కాగితాలు తెప్పించి, పక్కపక్కన పెట్టి, ఎవరిలో ఏ గుణముందో ఎక్సెల్ షీట్లో పోల్చి, కింద సిఫార్సు రాయాలి. నాకు ఈ విద్య నేర్పింది పెద్ద భాయ్. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, పాతికేళ్ళుగా అదే కుర్చీలో ఉన్నాడు. ఆయన మొదటిరోజే చెప్పిన సూత్రం: మిగతావన్నీ తర్వాత, ముందు తజుర్బా చూడు. మూడేళ్ళ అనుభవం లేనివాడి కాగితం, బంగారంతో రాసినా సరే, పక్కన పడెయ్. నేను దీన్ని డైరీ మొదటి పేజీలో రాసుకుని కింద రెండు గీతలు గీశాను.

మా అందరికీ పైవాడు ఒక అమెరికా పెద్దమనిషి. టెక్సాస్ ఆయనది. నెత్తిమీద వెంట్రుకలు తక్కువ, నోట్లో మాటలు తక్కువ. మేం చాటున టెక్సాస్ తాత అనేవాళ్ళం. ఒక గురువారం మధ్యాహ్నం, వారాంతపు సెలవుకు అందరూ సర్దుకుంటుంటే, తాత నా బల్ల దగ్గర ఆగి ఓ చీటీ పెట్టాడు. మూడు పేర్లున్నాయి. ఈ ముగ్గురు కుర్రాళ్ళ బలాబలాలు పోల్చి ఆదివారం ఉదయం ఇవ్వగలవా, అందరూ నువ్వు పోల్చడంలో దిట్టవంటున్నారు, అన్నాడు. నవ్వుతున్నాడో లేదో ఆ మీసాల వెనక నాకు కనబడలేదు. పెద్ద భాయ్‌ని అడిగితే చీటీ వంక చూసి, గంభీరంగా తలాడించి, "నీ ప్రొబేషన్ కాగితం సాబ్ టేబుల్ మీదనే ఉంది బేటీ. ఇది పరీక్షే," అన్నాడు. అంతే, నా పై ప్రాణాలు పైనే పోయాయి.

వెతికితే తేలిందేమిటంటే, ఆ ముగ్గురూ అమెరికా ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాకులు. అంటే, జట్టువాడు చేతికిచ్చిన బంతిని చంకలో ఇరికించుకుని, ఎదురుగా గోడలా నిలబడ్డ మనుషుల్లోంచి దూరి పరిగెత్తేవాళ్ళు. ఆఫీసులో అన్నారు, తాత ఏటా తన చిన్ననాటి స్నేహితులతో పరువు పందెం ఆడతాడట. ఒక్కొక్కరూ కాగితం మీద ఓ జట్టు కట్టుకోవాలి. ఎంచుకున్నవాళ్ళు నిజం ఆటలో ఎంత దూరం పరిగెడితే వీళ్ళకు అన్ని మార్కులు. ఆఖరున వచ్చినవాడికి మిగతావాళ్ళు శిక్ష వేస్తారు. తాత జట్టులో ఒక్క ఖాళీ మిగిలింది, ఆ ఖాళీకే ఈ ముగ్గురు.

శుక్రవారం చిన్నమ్మకు సెలవు. హమ్రియాలో మా ఒంటిగది ఇంట్లో, మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఫోన్ గోడకానించి ఇద్దరం వాళ్ళ ఆటలు చూడటం మొదలుపెట్టాం. చిన్నమ్మకు ఈ ఆట ఓనమాలు తెలియవు. అయినా పావుగంటలో ముగ్గురికీ పేర్లు పెట్టేసింది. ఎదురొచ్చిన ఇద్దర్ని ఈడ్చుకుంటూ పోయేవాడు దున్నపోతు. ఎవరి చేతికీ చిక్కకుండా మెలికలు తిరిగేవాడు జెర్రిపోతు. మూడోవాడికి అంత బలమూ లేదు, అంత వేగమూ లేదు. ఆవిడ చాలాసేపు చూసి, ఎందుకో వాణ్ణి మాత్రం "మా పిల్లోడు" అంది. దున్నపోతు పది గజాలు దున్నుకుంటూ పోయి చివర్లో బంతి జారవిడిస్తే, చిన్నమ్మ అల్లం దంచే రోకలి పక్కన పెట్టి మరీ తిట్టింది. జెర్రిపోతు బాగా ఉరుకుతాడు గానీ, బంతి విసిరే తనవాణ్ణి పడగొట్టడానికి ఎవడైనా వస్తే పక్కకు తప్పుకుంటాడు. మూడోవాడు అడ్డం పోతాడు.

"సూడు పాపా, నలుగురు మీద పడినా కాయ ఇడ్సలేదు. తన వంతు గాకపోయినా ఇంగొగనికి తగిలే దెబ్బకు అడ్డం పోతాండాడు. పనికొచ్చే పిల్లోడు వీడే, రాసుకో," అంది.

నేను రాసుకున్నాను. తూకం, వేగం, దెబ్బ తగిలాక కూడా ముందుకుపోయే గుణం, బంతి జారవిడిచిన సందర్భాలు, తోటివాణ్ణి కాచుకోవడం, అన్నిటికీ కాలమ్‌లు గీశాను. శనివారం సాయంత్రానికి, నా గొప్ప నేనే చెప్పుకోకూడదు గానీ, చూడముచ్చటైన షీట్ తయారైంది. మూడోవాడికి చిన్నమ్మ చెప్పినట్టే ఎక్కువ మార్కులొచ్చాయి. అప్పుడు గుర్తొచ్చింది డైరీలో రెండు గీతలు గీసుకున్న సూత్రం. అనుభవం కాలమ్ పెట్టాను. ముగ్గురూ కిందటేడే కాలేజీలోంచి వచ్చారు. ఒక్కడికీ మూడేళ్ళు లేవు! ఇక నేనేం చెయ్యను? అడుగున, కొట్టొచ్చినట్టు కనిపించే అక్షరాల్లో రాశాను: ముగ్గురూ అనర్హులు, మళ్ళీ టెండర్ పిలవవలెను. అది విని చిన్నమ్మ, "ఎవురూ పనికిరాకపోతే మరి ఆడేదెవురే?" అంది. వంటచేసే మనిషికి కొనుగోళ్ళ నియమాలేం తెలుస్తాయని లోలోపల జాలిపడ్డాను (ఈ మాట ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు).

ఆదివారం ఉదయం తాత షీట్ పై నుంచి కిందకు చదివాడు. మళ్ళీ చదివాడు. ఆయన భుజాలు మెల్లగా కదలడం మొదలైంది. చివరికి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన నవ్వగా చూడటం ఆఫీసులో అదే మొదటిసారని తర్వాత అన్నారు. నాకు మాత్రం కళ్ళ ముందు సూట్‌కేసు ఒక్కటే కనబడింది. నవ్వు ఆగాక, నా ముఖం చూశాడు కాబోలు, కుర్చీ ముందుకు లాక్కుని నెమ్మదిగా అడిగాడు.

"నిన్ను నేను తీసుకున్నప్పుడు నీకెన్నేళ్ళ అనుభవం?"

"లేదు సార్."

"ఈ షీట్ ప్రకారం నిన్నేం చెయ్యాలి?"

రెండేళ్ళు హైదరాబాదులో నా ముఖాన కొట్టిన తలుపునే, ముగ్గురు కుర్రాళ్ళ ముఖాన నేను ఎంత శ్రద్ధగా, ఎంత ముచ్చటగా వేశానో అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. తాత కంగారుపడి టిష్యూ డబ్బా మొత్తం నా వైపు తోసి, పెన్ను తీసుకుని అనుభవం కాలమ్‌ను పైనుంచి కిందదాకా కొట్టేశాడు. ఇప్పుడు చెప్పు, ఎవణ్ణి తీసుకోమంటావు, అన్నాడు. మూడోవాణ్ణి, అన్నాను ముక్కు తుడుచుకుంటూ. ఎందుకన్నాడు. చిన్నమ్మ అన్నమాటలే ఇంగ్లీషులో పెట్టి చెప్పాను. ఆయన మూడోవాడి పేరు చుట్టూ సున్నా చుట్టి, మా పందెంలో అడ్డం నిలబడినందుకు మార్కులుండవమ్మాయ్, అయినా తీసుకుంటాను, అన్నాడు. ఆ పెన్నుతోనే, అదే ఊపులో, నా ప్రొబేషన్ కాగితం మీద కూడా సంతకం పెట్టేశాడు. ఆ వార్త సాయంత్రం చిన్నమ్మకు చెబితే, నా మాట ఇనుంటే ఏడ్సే పని ల్యాకుండా అయిపోయేది గదే, అంది.

తాత ఆ ఏడు పందెంలో అందరికంటే ఆఖరున వచ్చాడు. శిక్షగా ఒక రోజంతా ఆ ఆట హెల్మెట్ పెట్టుకుని ఆఫీసులో కూర్చున్నాడు, దానితోనే రెండు మీటింగులు నడిపాడు. ఒక్కసారి కూడా నన్ను పల్లెత్తు మాట అనలేదు. పైగా దాహమేస్తే, స్ట్రా తెచ్చిపెట్టమని నన్నే అడిగాడు.

ఇప్పుడు ఆయన ఇక్కడ లేడు, రిటైరై వెళ్ళిపోయాడు. నాకు అనుభవం కావలసినంత ఉంది, ఏ షీట్లో పెట్టి చూసినా పాసవుతాను. కానీ తనకు తెలియని ఆటలో, ముక్కూమొహం ఎరగని ముగ్గురు కుర్రాళ్ళ కోసం రెండు రోజుల సెలవంతా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న ఆ పిల్లలాగా ఇప్పుడు ఏ పనికీ కూర్చోలేను. ఆ పిల్ల దరఖాస్తు ఇవాళ నా బల్ల మీదకొస్తే తీసుకుంటానా అని అప్పుడప్పుడు ఆలోచిస్తాను. తీసుకుంటాననే అనుకుంటాను గానీ, ఆ జవాబు రావడానికి ప్రతిసారీ నాకు కొంచెం సేపు పడుతోంది.